నెమలి పడిపోకుండా వాల్చిన మనిషి

ఆవిడ పోయిందని నాకు పదహారు రోజులు ఆలస్యంగా తెలిసింది. వాళ్ళాయన ఫోన్ చేసి, "అమ్మా, బందరు వదినగారేనా?" అని అడిగి, నెమ్మదిగా ఆ కబురు చెప్పాడు. కిడ్నీలు పాడయ్యాయట, ఏడాదిగా ఆస్పత్రి చుట్టూ తిరుగుతున్నారట. నేను "అయ్యో" అన్నాను. అన్నానే గానీ, లోపల ముందు కదిలింది ఏడుపు కాదు. నగల పని నాకంటే బాగా చేసేవాళ్ళలో ఒకరు తగ్గారు అనిపించింది. ఛీ, ఇదేం బుద్ధి అని నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్టుకున్నా అనిపించింది మాత్రం అదే.

పోయినవాళ్ళ గురించి రాసేవాళ్ళు కన్నీళ్ళతో మొదలుపెడతారు. నాకా యోగ్యత లేదు. ఆవిడని మూడేళ్ళు పక్క కుర్చీలోంచి చూశాను, చూసిన ప్రతిరోజూ కుళ్ళుకున్నాను. ఆ కుళ్ళు దాచిపెట్టి రాస్తే ఆవిడ సరిగ్గా రాదు. ఆవిడ చేతులు ఎలా కదిలేవో నేనంత శ్రద్ధగా చూసింది ఆ కుళ్ళుతోనే మరి.

చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలు తయారుచేసే కొట్టు మాది. మాది అంటే మా ఓనరుగారిది, నేను డిజైనర్‌ని. ఇప్పుడు నగ ముందు కంప్యూటర్లో పుడుతుంది. తెర మీద దాన్ని నిండుగా, అన్ని వైపుల నుంచీ తిప్పి చూసుకునేలా కడతాం. దాన్నే సాలిడ్ మోడల్ అంటాం. ఆ ఫైలు మెషిన్‌కి ఇస్తే మైనంతో అచ్చు వస్తుంది. మైనం నుంచి లోహంలో పోత పోస్తారు, తర్వాత మెరుగు, పూత, చివర్లో రాళ్ళు పొదగడం.

నేను గుడివాడ దగ్గర పల్లె నుంచి వచ్చినదాన్ని. మెకానికల్ డిప్లొమా చేశాను. కొట్లో మొదటి కంప్యూటర్ కొన్నప్పుడు దాని ముందు మొదట కూర్చున్నది నేనే. నాలుగేళ్ళు ఒక్కదాన్నే రాణిలా వెలిగాను. ఎవరైనా వ్యాపారస్తులొస్తే ఓనరుగారు నన్ను చూపించి, "మా గుడివాడమ్మాయి. డిప్లొమా" అనేవారు. ఆ ఒక్క మాటతో నాకు కడుపు నిండిపోయేది.

అప్పుడొచ్చింది ఆవిడ. పెడన నుంచి. కలంకారీ అద్దకం చేసే ఇంటి కోడలు. ఇంటర్ తప్పింది, ఊళ్ళోనే కంప్యూటర్ సెంటర్లో కొన్నాళ్ళు నేర్చుకుంది, అంతే చదువు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. గోళ్ళ చుట్టూ ఎర్రగా ఉండేది. ఆదివారాలు ఇంట్లో రంగు గుడ్డలు ఉడకబెట్టేటప్పుడు తనూ చెయ్యేసేదట, ఆ ఎరుపు బుధవారానికి గానీ పోయేది కాదు. మొదటిరోజే నా దగ్గరకొచ్చి, "వదినా, మౌసు ఎడంచేత్తో పట్టుకుంటే ఇక్కడ ఎవరైనా ఏమైనా అంటారా?" అని అడిగింది. పరిచయం లేదు, చుట్టరికం లేదు, వదినేంటి! "మీ ఇష్టమండీ" అన్నాను, ఆ చివరి 'అండీ'ని గట్టిగా నొక్కి. ఆ నొక్కుడు ఆవిడకి వినపడలేదు. మూడేళ్ళూ నేను అండీ అంటూనే ఉన్నాను, ఆవిడ వదినా అంటూనే ఉంది.

మౌసు ఎడంచేత్తో ఎందుకంటే, కుడిచెయ్యి ఖాళీగా ఉండాలట. ఆ చేత్తో గాలిలో ఏదో పట్టుకుని తిప్పుతూ ఉండేది. తెర మీద నగ ఎటు తిరిగితే ఆ చెయ్యి అటు తిరిగేది. కొత్తగా వచ్చిన వాళ్ళు చూసి నవ్వేవాళ్ళు. నేనూ నవ్వాను, ఓ వారం. తర్వాత ఇంటికెళ్ళి తలుపేసుకుని నేనూ అలా తిప్పి చూశాను. నా చేతికి గాలే తగిలింది.

కంప్యూటర్ ముందు కూర్చునేటప్పుడు చెప్పులు గుమ్మం దగ్గరే విడిచేది. "ఏసీ గదండీ, కాళ్ళు చల్లబడతాయి, వేసుకోండి" అంటే, "అద్దకం బల్ల దగ్గరికి చెప్పులతో వెళ్తే మా మామగారు ఊరుకోరు వదినా. అలవాటైపోయింది" అనేది. మోడల్‌తో మాట్లాడేది. "ఇటు తిరుగు తల్లీ. ఊఁ, అంతే. మళ్ళీ ఎక్కడికి పోతున్నావ్?" అని గొణుగుతూనే ఉండేది. పని చెడితే తెర మీద ఎర్ర అక్షరాల్లో కుదరదని వస్తుంది. అది చూస్తే నేను ఆగిపోయేదాన్ని, ఆగిపొమ్మనే నా చదువు నాకు నేర్పింది. ఆవిడ మాత్రం కుర్చీలో వెనక్కి వాలి, తల ఓ పక్కకి పెట్టి, "కుదరనిది దానికా, మనకా?" అనేది. రోజుకి పదిసార్లు ఇదే మాట. ఫ్లాస్కు మూత బిగుసుకుపోయినా ఇదే, రైలు లేటయినా ఇదే.

రైలంటే గుర్తొచ్చింది. నేను గుడివాడలో బందరు ప్యాసింజర్ ఎక్కేదాన్ని, ఆవిడ పెడనలో ఎక్కేది, ఇద్దరం చిలకలపూడి స్టేషన్లో దిగేవాళ్ళం. పెడన వస్తోందనగానే నా పక్క సీట్లో హ్యాండ్‌బ్యాగు పెట్టేసేదాన్ని, ఆవిడ కూర్చోకుండా. ఆవిడ ఎక్కి, తిన్నగా నా దగ్గరికొచ్చి, ఆ బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, "నాకోసం సీటు ఆపావా వదినా! మా బంగారమే" అనేది. ఇలాంటి మనిషిని ఏం చేయాలో మీరే చెప్పండి.

అసలు గొడవ వంకీల దగ్గర వచ్చింది. అవనిగడ్డ వైపు నుంచి డాన్సు నగలమ్మే షాపాయన ఒకాయన వచ్చాడు. కూచిపూడి నేర్చుకునే ఆడపిల్లలకి జబ్బకి పెట్టుకునే వంకీలు కావాలన్నాడు. వంకీ తెలుసుగా, ముందువైపు ఇంటికప్పులా రెండు పక్కల నుంచీ ఏటవాలుగా పైకి లేచి మధ్యలో మొన తేలుతుంది. ఆయన మా పాత వడ్డాణం ఒకటి చూసి మనసు పారేసుకున్నాడు. దాని మీద నెమళ్ళు బారుగా నిలబడి ఉంటాయి, పింఛాల్లో చిన్నచిన్న గుండ్రటి రాళ్ళు. "ఇదే నెమళ్ళ వరస నా వంకీ మీదకి ఎక్కాలండీ. వరసేమో ఏటవాలుగా ఎక్కాలి, నెమలి మాత్రం నిటారుగా నిలబడాలి" అన్నాడు.

చెప్పడానికేం, ఎంతైనా చెబుతారు. వరసని మొత్తంగా తిప్పితే ఏటవాలుగా వస్తుంది నిజమే, కానీ దాంతోపాటు నెమళ్ళూ తిరిగి, తాగినవాళ్ళలా ఒరిగిపోతాయి. కావలసింది తిప్పడం కాదు, వాల్చడం. అరలో నిలబెట్టిన పుస్తకాలని ఒక్కోదాన్నీ పక్కదానికంటే కాస్త పైకి జరుపుతూ పోయామనుకోండి, పుస్తకాలు నిలువుగానే ఉంటాయి, పై అంచు మాత్రం ఏటవాలుగా ఎక్కుతుంది. అదీ కావలసింది. కాగితం మీద బొమ్మకైతే నిమిషం పని. నిండు మోడల్‌లో నెమలి మెడ గుండ్రదనం, రెక్కల అంచులు, వందల ముఖాలు ఒకదానితో ఒకటి అతుక్కుని ఉంటాయి. మేం వాడే సాఫ్ట్‌వేర్లో దాన్ని వాల్చే బొత్తమే లేదు. రెండు రోజులు నానాపాట్లూ పడి, మూడోరోజు అందరి ముందూ ఓనరుగారికి చెప్పేశాను. "సాలిడ్‌ని వాల్చడం కుదరదు సార్. ఒక్కో నెమలినీ మొదటి నుంచి కట్టుకు రావాలి. నెల పైనే పడుతుంది."

వెనక నుంచి ఆవిడ గొంతు. "కుదరనిది దానికా వదినా, మనకా?"

ఓనరుగారు నవ్వారు. నాకు చెంప మీద కొట్టినట్టయింది.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆవిడ క్యారియర్‌కి చుట్టిన గళ్ళ తువ్వాలు విప్పి, "ఈ మూల పట్టుకో వదినా" అంది. గోంగూర చేత్తోనే పట్టుకున్నాను. ఎదురు మూల తను పట్టుకుని లాగింది. చదరంగా ఉన్న గళ్ళన్నీ ఐమూలగా సాగి పేకముక్కలో డైమండు గుర్తులా అయ్యాయి.

"ఉతికి ఆరేసిన గుడ్డ వంకరపోతే మా ఇంట్లో ఇద్దరం చెరో మూల పట్టుకుని ఇలాగే లాగి సరిచేస్తాం" అంది. "వంకర తీయడానికి లాగినట్టే వంకర పెట్టడానికీ లాగొచ్చుగా? వాల్చే బొత్తం లేకపోతే పీడాపోయె. సాగదీసే బొత్తం ఉందిగా. నెమళ్ళని ముందు ఐమూలగా తిప్పి పెడదాం. ఒకవైపు సాగదీద్దాం, రెండోవైపు కుదిద్దాం. తర్వాత నిలువు పోగు మళ్ళీ నిలువుగా వచ్చేదాకా వెనక్కి తిప్పుదాం. ఏమంటావ్?"

నేనేమంటాను? తిప్పడం, సాగదీయడం, మళ్ళీ తిప్పడం. మూడు పనులూ నాకొచ్చు. ఆ మూడు బొత్తాలూ దాదాపు ఏడేళ్ళుగా నా వేళ్ళ కిందే ఉన్నాయి. ఆ తువ్వాలు లాంటి తువ్వాళ్ళు మా ఇంట్లో డజను ఉన్నాయి. అయినా నాకు తట్టలేదు, ఇంటర్ తప్పిన మనిషికి తట్టింది.

సాయంత్రం టీ వచ్చే వేళకి ఆవిడ తెర మీద నెమళ్ళు కొండెక్కుతున్నట్టు ఏటవాలుగా బారు తీరాయి, ఒక్కొక్కటీ మెడ నిటారుగా పెట్టుకుని. కొట్లో వాళ్ళందరూ ఆవిడ కుర్చీ చుట్టూ మూగారు. ఏదో ఒక తప్పు దొరక్కపోతుందా అని దగ్గరికెళ్ళి, వంగి, కళ్ళు చిట్లించి వెతికాను. దొరికింది.

"రాళ్ళ గుంటలు చూసుకున్నారా అండీ? కోలగా అయిపోయాయి" అన్నాను, గొంతులో సంతోషం దాచుకోకుండానే. రాళ్ళు గుండ్రటివి. అవి కూర్చునే గుంటలు మోడల్‌తోపాటు వాలి కోలగా సాగిపోతే రాయి నిలవదు, రాలిపోతుంది.

ఆవిడ మొహం చిన్నబుచ్చుకుంటుందని ఎదురుచూశాను. ఆవిడ లేచి, నా తల చుట్టూ చేతులు తిప్పి మెటికలు విరిచింది. "అమ్మో, అమ్మో! నేనెక్కడ చూశాను వదినా! నీ కంటికి ఏదీ తప్పదు. నువ్వు చూశావంటే ఇక దేవుడు చూసినట్టే!"

పొగడాలని కాదు, ఆ మనిషి నిజంగానే అంది. మర్నాటికి ఉపాయం పట్టేసింది. వాల్చడానికి ముందే గుంటలన్నీ పూడ్చేసి, వాటి మధ్య చుక్క మాత్రం ఉంచుకుని, చుక్కలతో సహా వాల్చి, ఆ చుక్కల మీద మళ్ళీ గుండ్రంగా తవ్వింది. ప్రతి దశనీ వేరే ఫైలుగా దాచుకునేది. అద్దకంలో ఒక్కో రంగుకి ఒక్కో అచ్చు ఉంటుంది కదా, ఇదీ అంతేనట. నిటారు వడ్డాణం ఒక ఫైలు, కోల గుంటలతో వాల్చినది ఒకటి, గుండ్రటి గుంటలతో వాల్చినది ఇంకొకటి.

ఆ వారంలోనే ఓనరుగారు నన్ను పిలిచారు. మైనం అచ్చు తీసే కొత్త మెషిన్ వస్తోంది, దానికి వేరే గది కట్టిస్తున్నారు. "గది పెడనమ్మాయికి అప్పజెబుదామనుకుంటున్నానమ్మా. ఈ వంకీల పని అయ్యాక చెబుతాను. నీకేం అభ్యంతరం లేదుగా?" అన్నారు. "నాకేం అభ్యంతరం సార్" అన్నాను. గది ఎవరి చేతిలో ఉంటే కొట్లో డిజైన్లన్నిటికీ వాళ్ళే పెద్ద. నేను ఆవిడ కింద పనిచేయాలన్నమాట. ఆ ఆదివారం చర్చిలో మోకాళ్ళూని, "ప్రభువా, నా కుళ్ళు తీసెయ్యి" అని ప్రార్థన చేసుకున్నాను. సోమవారం పెడన స్టేషన్ వచ్చేదాకా తీసేసినట్టే ఉంది. ఆవిడ ఎక్కి నా బ్యాగు ఒళ్ళో పెట్టుకోగానే తిరిగొచ్చేసింది.

మా కొట్లో ఒక పద్ధతి ఉంది. ఎవరు చేసిన మోడలైనా అచ్చుకి వెళ్ళేముందు ఇంకొకరు చూడాలి. మెషిన్ పక్కనున్న కంప్యూటర్లో ఫైలు తెరిచి, అటూ ఇటూ తిప్పి చూసి, పుస్తకంలో సంతకం పెట్టాలి. దీన్ని మేం పరాయి కన్ను అంటాం. సొంత కన్ను సొంత తప్పుని చూడదని ఓనరుగారి నమ్మకం. అచ్చు రాగానే ఆ కంప్యూటర్లోంచి ఫైలు చెరిపేస్తారు, డిజైన్లు పక్క కొట్లకి జారిపోకుండా. వంకీలకి పరాయి కన్ను నేను.

ఫైలు తెరిచాను. గుంటలు కోలగా ఉన్నాయి.

ఒక్క క్షణంలో అర్థమైంది. ఆవిడ తొందరలో మధ్య దశ ఫైలు తెచ్చి ఇందులో పెట్టేసింది. సరైనది ఆవిడ కంప్యూటర్లో భద్రంగా ఉంది. "ఫైలు మారిందండీ" అని అద్దాల తలుపు తీసి ఒక్క మాట అంటే చాలు, ఆవిడ నాలిక కరుచుకుని, మార్చేసి, మళ్ళీ నాకు మెటికలు విరిచేది. అవతల గదిలో ఆవిడ ఎవరితోనో ఏదో చెప్పి పకపకా నవ్వుతోంది. నేను మోడల్‌ని ఒకసారి తిప్పాను. రెండోసారి తిప్పాను. పుస్తకం తీసి సంతకం పెట్టాను. సంతకం ఎప్పటిలాగే తిన్నగా వచ్చింది, అదే నాకిప్పటికీ భయం.

బయటికి రాగానే అడిగింది. "చూశావా వదినా?"

"చూశానండీ."

"బాగుందా?"

"బాగుంది."

"హమ్మయ్య. ఇక నాకు దిగుల్లేదు" అంది.

పోత అయింది, మెరుగూ పూతా అయ్యాయి. రాళ్ళు పొదిగే మేస్త్రి వంకీల పళ్ళెం తెచ్చి బల్ల మీద కుమ్మరించాడు. "ఏంటమ్మా ఈ పని? రాయి పెడుతుంటే చింతగింజలా జారిపోతోంది. ఒక్కటి నిలిస్తే ఒట్టు!" డాన్సు నగల షాపాయనకి అప్పటికే చెప్పిన తేదీ దాటిపోయింది, ఆయన ఇంకో చోట చేయించుకున్నాడు. ఓనరుగారు ఆవిడ మీద కేకలేశారు. ఆవిడ గబగబా తన ఫైలు తెరిచింది. తెర మీద గుంటలన్నీ గుండ్రంగా, ముత్యాల్లా ఉన్నాయి. "నా దాంట్లో బాగానే ఉన్నాయి సార్. ఇదిగో చూడండి" అంది. మెషిన్ దగ్గరి ఫైలు ఎప్పుడో చెరిపేశారు.

ఓనరుగారు నావైపు తిరిగారు. "నువ్వు చూశావు కదమ్మా?"

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. ఆవిడ కూడా నావైపే చూస్తోంది, నేను చెప్పేదే నిజమన్నట్టు.

"చూశాను సార్" అన్నాను. "నేను చూసినప్పుడు గుండ్రంగానే ఉన్నాయి. సాలిడ్‌ని అలా సాగదీస్తే లోపల ఎక్కడో పాడవుతుంది. ముందే చెప్పాను కదా."

ఆ సాయంత్రం రైల్లో ఆవిడ పక్కనే కూర్చుంది. బ్యాగు నేనే తీసి దారిచ్చాను. కుడిచెయ్యి గాల్లోకి లేచి, మెల్లిగా ఏదో తిప్పి, మధ్యలో ఆగింది. "వదినా, నువ్వు చూసినప్పుడు బాగుంది, నా దగ్గరా బాగుంది. బయటికొచ్చేసరికి చెడిపోయింది. అంటే తప్పు నా పద్ధతిలోనే ఎక్కడో ఉంది. నువ్వు చదువుకున్నదానివి. ఎక్కడుందంటావ్?"

"నాకేం తెలుసండీ" అన్నాను.

ఆ చెయ్యి ఒళ్ళోకి దిగిపోయింది. తర్వాత రెండు నెలలు పనిచేసిందిగానీ, ఆ చెయ్యి గాల్లోకి లేవడం నేను చూడలేదు. ఉంగరాలు, చెవిదిద్దులు, మామూలు పనులే చేసేది. ఓనరుగారు కోపం తగ్గి మళ్ళీ వంకీ ఒకటి వాల్చి చూడమంటే, "వద్దు సార్. చూడ్డానికి బాగుంటుంది, బయటికొచ్చాక మోసం చేస్తుంది" అంది. తర్వాత మానేసింది. గది తాళం నాకొచ్చింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఇంతవరకూ వచ్చాక దాచడమెందుకు. ఆవిడ మానేసిన ఏడాదికి మళ్ళీ వంకీల ఆర్డరు వచ్చింది. గది తలుపేసుకుని, తిప్పి, సాగదీసి, తిప్పి, చుక్కల మీద గుంటలు తవ్వాను. అక్షరాలా ఆవిడ చేసినట్టే. ఒక్క రాయి రాలలేదు. అప్పట్నుంచీ ఇప్పటిదాకా, ఏడేళ్ళుగా, అలాగే చేస్తున్నాను. ఓనరుగారు వచ్చినవాళ్ళతో, "మా గుడివాడమ్మాయి సాలిడ్‌ని కూడా వాల్చేస్తుంది" అంటారు. కడుపు నిండుతుందా అంటే నిండదు. నా నెమళ్ళు నిలబడతాయి, అంతే. ఆవిడవి ఇప్పుడే వచ్చి వాలినట్టు ఉండేవి. ఎదురుగా లేని మనిషి మీద కూడా కుళ్ళు ఇంత పచ్చిగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

ప్రతి క్రిస్మస్‌కీ ఫోన్ చేసేది. "హ్యాపీ క్రిస్మస్ వదినా! కేకు నాకేదీ?" అని గోల చేసి, పిల్లల్ని అడిగి, చివర్లో గొంతు తగ్గించి, "ఆ వాల్చే పని ఎవరైనా చేస్తున్నారా అక్కడ?" అనేది.

"లేదండీ. ఎవరూ చేయట్లేదు" అనేదాన్ని.

"అవున్లే" అనేది.

కబురు తెలిసిన వారానికి పెడన వెళ్ళాను. వెళ్ళకపోయినా అడిగేవాళ్ళు లేరు, కానీ ఉండలేకపోయాను. పొడుగాటి అద్దకం బల్ల, దాని మీద సగం పూలు అద్దిన గుడ్డ. వాళ్ళాయన బక్కపలచటి మనిషి, మోచేతుల దాకా రంగు. కుర్చీ వేశాడు, మంచినీళ్ళిచ్చాడు. ఏదో మాట్లాడాలి కాబట్టి ఆస్పత్రి సంగతులు అడిగాను, ఆయన చెప్పాడు. తర్వాత లోపలికెళ్ళి ఒక లావుపాటి నోటుపుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"మీకు చూపించమని ఎప్పుడూ అనలేదమ్మా. నాకే చూపించాలనిపించింది. ఇదంతా ఆవిడ రాసుకున్నదే."

తెరిచాను. పేజీ నిండా చదరాలు, పక్కన అవే చదరాలు వాలినవి, చుక్కలు, బాణాలు. కింద ఒక గీత, గీత కింద 'తప్పు ఇక్కడ లేదు' అని రాసి ఉంది. తర్వాతి పేజీలో ఇంకో రకంగా గీసి, కింద మళ్ళీ 'ఇక్కడా లేదు'. పేజీ తర్వాత పేజీ అంతే. తన పద్ధతిని ముక్కముక్కలుగా విప్పి, ఒక్కో ముక్కనీ పట్టి చూసుకుంది. కంప్యూటర్ లేదు, స్కేలూ పెన్సిలూ మాత్రమే. మధ్యలో ఒకచోట నా చెయ్యి ఆగింది. మూడు పనులని రెండు పనులు చేసేసింది ఆ పేజీలో. గుడ్డని మూలలు పట్టి లాగినట్టు నేరుగా ఐమూలగానే సాగదీసి, ముందు తిప్పడం అక్కర్లేకుండానే నెమలి నిలబడే దారి అది. ఏడేళ్ళుగా అదే పని చేస్తున్న నాకు తట్టలేదు. దేవుడా, అప్పుడు కూడా నాకు కుళ్ళు పుట్టింది. పోయిన మనిషి మీద, ఆవిడ ఇంట్లో కూర్చుని, ఆవిడ మొగుడిచ్చిన మంచినీళ్ళు తాగుతూ.

"మీ కంటికి ఏదీ తప్పదని చెబుతుండేది" అన్నాడాయన. "అందులో తప్పెక్కడుందో చూసి చెప్పండమ్మా. ఇప్పుడు తెలిసి చేసేదేం లేదనుకోండి. ఊరికే, నాకు తెలిస్తే చాలు."

పుస్తకం మూశాను. మళ్ళీ తెరిచాను.

"ఇందులో తప్పు లేదండీ" అన్నాను.

"మరి ఆ వంకీలు?"

"ఫైలు మారిపోయింది. ఒకటి పెట్టబోయి ఇంకోటి పెట్టారు. నేను చూశాను. చూసి కూడా చెప్పలేదు. ఆవిడ పద్ధతి సరైనదే. ఏడేళ్ళుగా నేను అలాగే చేస్తున్నాను."

"ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు. గొంతులో కోపం లేదు, నిజంగా తెలియక అడుగుతున్నాడు.

"కుళ్ళండీ" అన్నాను. "ఆవిడంటే కుళ్ళు."

తిడతాడనుకున్నాను. పొమ్మంటాడనుకున్నాను. ఆయన నా చేతిలోంచి పుస్తకం తీసుకుని, అట్ట మీద రంగు అంటకుండా భుజం మీది తువ్వాలుతో తుడిచి, ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఆస్పత్రికి కూడా పట్టుకెళ్ళేదమ్మా దీన్ని" అన్నాడు. "ఎనిమిదేళ్ళు వెతికింది."